దిఙ్నాగాచార్యుడు – హేతుచక్రము

తెలుగునాట బౌద్ధము వర్ధిల్లిన దినములకు కృష్ణ దిగువసీమ యంతయు సాక్షి. గుడివాడ దిబ్బయందును, దివిసీమ వాకిట నున్న ఘంటసాలయందును స్తూపములు వెలుగొందెను. ఈ రెంటిని గూర్చియు, కృష్ణ కావలియొడ్డున నున్న భట్టిప్రోలును గూర్చియు అలెగ్జాండర్ రీ రచించిన పురావస్తు గ్రంథము 1894లో వెలువడినది. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుడు టాలెమీ ఈ తీరమును మైసోలియా యని పిలిచి, ఇచ్చటి కంటకోస్సిల యను రేవును పేర్కొనెను. మైసోలియా యను పేరునకును మచిలీపట్టణపు పేరునకును సంబంధము కలదనియు, కంటకోస్సిలయే ఘంటసాల యనియు పండితులు తలంతురు. ఓడలు వచ్చుచోటికి సరకులతోపాటు మతములును, మతములతోపాటు వాదములును వచ్చుట సహజము.

వాదము వచ్చినప్పుడు దానిని తేల్చుట యెట్లు? గొంతు పెద్దదైనవాడు గెలుచుటయా, రాజానుగ్రహము కలవాడు గెలుచుటయా, లేక హేతువు నిలిచినవాడు గెలుచుటయా? ఈ మూడవదియే న్యాయమని యెల్లరు నొప్పుకొందురు. కాని హేతువు నిలిచినదని చెప్పుటకు కొలబద్ద యేది? అట్టి కొలబద్దను సిద్ధముచేసి లోకమున కిచ్చిన మహనీయుడు దిఙ్నాగాచార్యుడు. ఆయన తన హేతుశాస్త్రమును వేంగీపుర ప్రాంతమున రచించెనని, క్రీ.శ. 639 ప్రాంతమున ఆంధ్రదేశమునకు వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ వ్రాసియుంచెను. వేంగి యనగా నేడు ఏలూరునకు చేరువ నున్న పెదవేగి. కొల్లేటికి ఈవల గుడివాడ, ఆవల వేంగి. కావున ఆ మహనీయుని చరిత్ర మన సీమవారు తెలిసికొనదగినది.

దిఙ్నాగుడు జన్మచేత ఆంధ్రుడు కాడు. కాంచీపుర సమీపమున సింహవక్త్రమను గ్రామమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించెనని టిబెట్టు దేశపు చరిత్రకారులు చెప్పుచున్నారు. ఆయన జీవించిన కాలము రమారమి క్రీ.శ. 480 మొదలు 540 వరకని నేటి పండితుల అంచనా. మేఘసందేశమునందు కాళిదాసు ఒకచోట దిఙ్నాగశబ్దమును ప్రయోగించెను. అది ఈ ఆచార్యునే యెత్తిపొడుచుట యని మన తెలుగువాడగు కోలాచలము మల్లినాథసూరి వ్యాఖ్యానించెను. పండితులందరును దీని నంగీకరింపరు. అయినను పలు శతాబ్దములు గడచిన పిదపకూడ దిఙ్నాగుడన్న నామము వినగనే సంస్కృత పండితులకు వాదమల్లుడు తలపునకు వచ్చుచుండెనని దీనివలన తెలియుచున్నది.

బాల్యముననే వేదశాస్త్రములు చదివి, పిమ్మట ఆయన నాగదత్తుడను గురువు నొద్ద బౌద్ధ సన్న్యాసము పుచ్చుకొనెను. ఆ గురువు వాత్సీపుత్రీయ శాఖవాడు. దేహమనఃస్కంధములతో ఏకమును గాక, వానికంటె వేరును గాక, మాటలకందని పుద్గలము, అనగా పురుషుడొకడు కలడని ఆ శాఖవారి మతము. దానిని ధ్యానమున వెదకుమని గురువు శిష్యునకు ఆజ్ఞాపించెను. శిష్యుడు పగలు గవాక్షములన్నియు తెరచి, రాత్రి నలువైపుల దీపములు వెలిగించి, వస్త్రములు విడిచి, తనను పది దిక్కుల పరికించుకొన నారంభించెను. గురువు కారణమడిగెను. ఎంత వెదకినను తమరు చెప్పిన వస్తువు కనబడకున్నది, ఏదైన మరుగున నున్నదేమోయని అడ్డము తొలగించి చూచుచున్నానని శిష్యుడు విన్నవించెను. తన మతమును పరిహసించుచున్నాడని గురువు ఆగ్రహించి మఠమునుండి పంపివేసెను. ఈ కథ టిబెట్టు గ్రంథములలోనిది. చూడబడని దానిని చూచితినని యొప్పుకొనుటకంటె ఆశ్రయమును పోగొట్టుకొనుటయే ఆయనకు మేలని తోచినది. ఆయన శాస్త్రమంతయు ఈ స్వభావమునుండియే పుట్టినది.

అటుపిమ్మట దిఙ్నాగుడు ఉత్తరదేశమునకు పోయి వసుబంధువునకు శిష్యుడయ్యెను. నాలందలో తీర్థకులతో వాదించి గెలిచి తర్కపుంగవుడను బిరుదము నందెను. ఓఢ్ర, మహారాష్ట్ర దేశములు సంచరించెను. ఓఢ్రదేశమున రాజుగారి ధనాగారమును చూచు భద్రపాలితుడను మంత్రి ఆయనకు శిష్యుడయ్యెననియు, ఆ మంత్రి తోటలో ఎండిపోయిన కరక్కాయచెట్టు ఆచార్యుని సంకల్పమున ఏడు దినములలో చిగిర్చెననియు ఒక గాథ కలదు. గాథల నటుంచి, ఆయన చేసిన పని యేదో చూతము.

ఆయన కాలమునాటికి వాదమునకు అయిదు అవయవములని నైయాయికుల నియమము. పర్వతమున అగ్ని కలదనుట ప్రతిజ్ఞ. పొగ యుండుటచేతననుట హేతువు. ఎచట పొగయో అచట నిప్పు, వంటయింటివలెననుట ఉదాహరణము. ఈ పర్వతమును అట్టిదే యనుట ఉపనయము. కావున అగ్ని కలదనుట నిగమనము. దిఙ్నాగుడు దీనిని కుదించి ప్రతిజ్ఞ, హేతువు, దృష్టాంతము అను మూడు చాలుననెను. తాను తెలిసికొనుటకు చేయు అనుమానము స్వార్థమనియు, ఇతరులను ఒప్పించుటకు చేయునది పరార్థమనియు రెంటికిని విభాగము స్థిరపరచెను. జ్ఞానమునకు మార్గములు ప్రత్యక్షము, అనుమానము అను రెండే యనియు, శబ్దప్రమాణము అనుమానములోనిదే యనియు సిద్ధాంతీకరించెను.

మంచి హేతువునకు ఆయన చెప్పిన లక్షణములు మూడు. మొదటిది, హేతువు మనము విచారించు వస్తువునందు నిజముగా ఉండవలెను. రెండవది, సాధింపదలచిన ధర్మము కల ఇతర వస్తువులయందు, అనగా సపక్షమునందు, అది కనబడవలెను. మూడవది, ఆ ధర్మము లేని వస్తువులయందు, అనగా విపక్షమునందు, అది ఎచ్చటను ఉండరాదు. శీతకాలపు ఉదయమున కాలువమీద లేచు మంచును దూరమునుండి చూచి పొగయని భ్రమించి, అచట నిప్పు కలదనువాడు మొదటి లక్షణముననే ఓడిపోవును. హేతువే అచట లేదు గదా.

తక్కిన రెండు లక్షణములను పరీక్షించుటకు ఆయన హేతుచక్రమను పట్టికను కూర్చెను. హేతువు సపక్షమునందు అంతటను ఉండవచ్చును, ఎచ్చటను లేకపోవచ్చును, కొన్నిచోట్ల మాత్రము ఉండవచ్చును. విపక్షమునందును ఇట్లే మూడు విధములు. మూడు నిలువు వరుసలు, మూడు అడ్డు వరుసలు గీచినచో తొమ్మిది గడులగును. లోకమున మనుష్యుడు చెప్పగల హేతువేదియైనను ఈ తొమ్మిదింటిలో ఒక గడియందు పడవలసినదే. వీనిలో రెండే రెండు సద్ధేతువులు. సపక్షమున అంతటను ఉండి విపక్షమున బొత్తిగా లేనిది ఒకటి, సపక్షమున కొన్నిచోట్ల ఉండి విపక్షమున బొత్తిగా లేనిది మరియొకటి. సపక్షమున బొత్తిగా లేక విపక్షమున అంతటనో కొన్నిచోట్లనో ఉండు రెండును విరుద్ధములు. అవి చెప్పినవాని మాటనే ఖండించును. మిగిలిన అయిదును సందేహమునే మిగుల్చును.

ఒక ఉదాహరణము మన తీరమునుండియే తీసికొనవచ్చును. ఈ బావి సముద్రమునకు దగ్గర నున్నది గనుక దీని నీరు ఉప్పన యని ఒకడు చెప్పెననుకొందము. ఉప్పునీటి బావులు కొన్ని సముద్రమునకు దగ్గర నున్నవి, కొన్ని దూరమున నున్నవి. తియ్యనీటి బావులును అట్లే. తీరమందలి ఇసుకమేటలలో త్రవ్విన చెలమలయందు తియ్యనీరు ఊరుట కలదు. కావున ఈ హేతువు సపక్షమున కొంత, విపక్షమున కొంత ఉండి తొమ్మిదవ గడిలో పడినది. నీరు ఉప్పనయే కావచ్చును. కాని చెప్పిన కారణము దానిని సాధింపలేదు. మాట నిజమగుట వేరు, హేతువు చెల్లుట వేరు. ఈ భేదమును సామాన్యునకు సైతము అందునట్లు చూపుటయే హేతుచక్రపు గొప్పతనము. తన మతమువారి తప్పును, పరమతమువారి తప్పును అది సమానముగా పట్టును.

ఇట్టి యంత్రమును నిర్మించినవాడు దానికి దాసుడగుట లోకమున సహజము. దిఙ్నాగుడట్లు కాలేదు. తన శాస్త్రమునకు హద్దులేవో ఆయనయే చెప్పెను. మొదటి హద్దు, వాదమున హేతువు ఉభయులకును సమ్మతమై యుండవలెను. మూలమునందే పేచీ యున్నచో నియమము లేమియు చేయజాలవు. రెండవ హద్దు, అనుమానము సామాన్యమునే చూపును. పొగను చూచి నిప్పున్నదని తెలియును గాని, ఆ నిప్పు ఈ కట్టెలమీద ఈ రూపమున మండుచున్నదని తెలియదు. ఆ విశేషము కంటితో చూచినప్పుడే తెలియవలెను.

మూడవ హద్దు మిక్కిలి కఠినమైనది. శబ్దము పుట్టింపబడునది గనుక కుండవలె అనిత్యమని ఒకడు వాదించును. శబ్దము చెవికి వినబడునది గనుక, శబ్దములన్నింటను ఉండు శబ్దత్వజాతివలె నిత్యమని మరియొకడు వాదించును. శబ్దత్వమను నిత్యజాతిని అంగీకరించువారి మతమున ఈ రెండు హేతువులకును మూడేసి లక్షణములు సరిపోవును. కాని ఫలములు ఒకదానికొకటి విరుద్ధము. రెండు జమాఖర్చులును విడివిడిగా తప్పులేకుండ ఉండి, నిల్వలు మాత్రము కుదరనట్లున్నది. దీనికి విరుద్ధావ్యభిచారి యని పేరు. ఇట్టి యెడ రెండు హేతువులును సందేహమునే కలిగించుననియు, తర్కమును పట్టుకొని వ్రేలాడక ప్రత్యక్షమును ఆగమమును అనుసరించి నిర్ణయించుకొనవలెననియు ఆయన న్యాయముఖమున తీర్పు చెప్పెను. నియమములను పాటించినంత మాత్రమున సత్యము చేతికి వచ్చునన్న భరోసా లేదని నియమకర్తయే ఒప్పుకొనెను.

మరియొక కొరతను తరువాతివారు పట్టిరి. విపక్షమునందు హేతువు లేదని తెలియుట యెట్లు? ఇంతవరకు చూచినచోట్ల కనబడలేదని మాత్రమే చెప్పగలము. చూడనిచోట లేదనుటకు ఆధారమేమి? కనబడకపోవుటయే చాలునని దిఙ్నాగుని శిష్యుడగు ఈశ్వరసేనుడు తలచెను. ఏడవ శతాబ్దమువాడగు ధర్మకీర్తి అది చాలదని, హేతువునకును సాధ్యమునకును కార్యకారణ సంబంధమైనను, స్వభావసంబంధమైనను ఉండవలెనని కట్టుబాటు చేసెను. పొగ నిప్పునకు కార్యము గనుకనే పొగ నిప్పును చూపగలుగుచున్నది. ఇట్లు గురువు విడిచిన గండిని ప్రశిష్యుడు పూడ్చ యత్నించెను.

ఇక ఆయన మహాగ్రంథమగు ప్రమాణసముచ్చయపు పుట్టుకను గూర్చి రెండు గాథలు కలవు. టిబెట్టువారి కథ ప్రకారము ఆయన ఓఢ్రదేశపు కొండగుహలో నివసించుచు, గ్రంథారంభ శ్లోకమును సుద్దతో బండపై వ్రాసి భిక్షకు పోయెను. కృష్ణమునియను తీర్థకుడు వచ్చి దానిని చెరిపివేసెను. మరల వ్రాయగా మరల చెరిపెను. మూడవమారు, వేళాకోళమునకైనచో చెరుపవలదనియు, తప్పని తోచినచో ఎదుటికి వచ్చి వాదింపవలెననియు దిఙ్నాగుడు వ్రాసియుంచెను. అతడు వచ్చి వాదించి పలుమార్లు ఓడెను. పందెము ప్రకారము బౌద్ధము స్వీకరింపుమనగా అంగీకరింపక, నోట నిప్పులు గ్రక్కి ఆచార్యుని వస్త్రములను దగ్ధము చేసెను. దిఙ్నాగుడు మిగుల విషాదము నొందెను. హేతువుతో గెలిచియు ఒక్క మనుష్యుని హృదయమును మరల్పలేనప్పుడు, ఈ లోకమునకు మేలుచేయుదునన్న ప్రతిన యేల? సుద్దను ఆకాశమున కెగురవేసి, అది నేల పడినతోడనే తన ప్రతినను విడిచెదనని నిశ్చయించుకొనెను. సుద్ద క్రిందపడలేదు. మంజుశ్రీ బోధిసత్త్వుడు దానిని పట్టుకొని, ఈ గ్రంథము మున్ముందు అనేకులకు కన్నగునని ధైర్యము చెప్పెనట.

హ్యూయన్‌త్సాంగ్ చెప్పిన గాథ వేంగీప్రాంతపు ఒంటికొండమీద జరిగినది. ఆ కొండపై ఒక రాతిస్తూపము ఉండెనని ఆయన వ్రాసెను. పూర్వపు హేతుశాస్త్రము మిక్కిలి విస్తృతమై నేర్చువారికి భారమగుచున్నదని తలచి, దిఙ్నాగుడు దానిని సంగ్రహింప సంకల్పించి సమాధియం దుండెను. కొండనుండి వెలుగు వెలువడుట చూచి ఆ దేశపు రాజు వచ్చి, స్వామి అర్హత్వము పొంది జన్మరాహిత్యము నందవలెనని ప్రార్థించెను. తన కోరిక అది కాదని ఆచార్యుడు మొదట చెప్పెను గాని, రాజు బలవంతముచేయగా మనస్సు చలించి ఒప్పుకొనెను. అంతట మంజుశ్రీ ప్రత్యక్షమై చిటిక వేసి మేల్కొలిపి, పరులకు ఉపయోగపడు మహాశయమును విడిచి తన యొక్కనికే చాలు ఫలమును కోరుట తగదని హెచ్చరించెను. దిఙ్నాగుడు లజ్జించి మరల తన పనికి పూనుకొనెను.

ఈ రెండు గాథలయందును మహిమల నొకప్రక్క నుంచినచో మిగులునది ఒక్కటే. పనిని విడిచిపెట్టవలెనను కోరిక ఆయనకు కలిగినది. తర్కము మనుష్యుని నోరు మూయించును గాని మనస్సును మార్చజాలదని ఆయన యెరిగెను. ఎరిగియు వ్రాసెను. ఆ వ్రాతయే ఆయన విజయము. పిదప ఓఢ్రదేశమున ఒక ఏకాంతవనమున ఆయన దేహము చాలించెనని చెప్పుదురు.

ఆయన వాదమును ఖండించుటకై ఉద్ద్యోతకరుడు న్యాయవార్తికమును రచించెను. కుమారిలభట్టును ఖండించెను. ఖండించినవారు సైతము ఆయన విభాగములను గ్రహింపక తప్పలేదు. పదునేడవ శతాబ్దమున ఆంధ్రుడగు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివిన ప్రతి విద్యార్థియు స్వార్థ పరార్థ విభాగమును, అసాధారణహేతువును, ఎదురుహేతువుగల సత్ప్రతిపక్షమును నేర్చుచున్నాడు. వానియందు దిఙ్నాగుని నీడ స్పష్టము.

పాశ్చాత్యదేశములలో ఇరువదవ శతాబ్దమున తర్కము గణితరూపము దాల్చినది. జర్మనీవాడగు గెర్‌హార్డ్ గెంట్జెన్ 1934, 1935 సంవత్సరములలో సహజనిగమన పద్ధతిని ప్రకటించెను. గణితజ్ఞులు వాస్తవముగా ఆలోచించు తీరునకు దగ్గరగా నుండుటచే దానికా పేరు. ఒక విషయమును ఉన్నదనుకొని, నియమము ప్రకారము అడుగులు వేసి, ఫలము చేరి, పిదప ఆ అనుకొన్నదానిని కొట్టివేయుట అందలి యుక్తి. పోలండు దేశస్థుడు యశ్కోవ్‌స్కీయు ఇట్టి పద్ధతినే 1934లో స్వతంత్రముగా వెలువరించెను. అచట దృష్టాంతముతో పనిలేదు. నియమములే సర్వము. పెట్టిన మూలము నిజమైనచో తేలిన ఫలము నిజమగును. కాని మూలము నిజమో కాదో ఆ పద్ధతి చెప్పజాలదు. అంతకుముందే, 1931లో, కుర్ట్ గోడెల్ మరియొక హద్దును నిరూపించెను. అంకగణితమును ఇముడ్చుకొని పరస్పరవిరోధము లేకుండ నియమబద్ధముగా కూర్చిన పద్ధతి ఏదైనను, సాధించుటకును ఖండించుటకును వీలుకాని వాక్యము అందు ఉండియే తీరును. దిఙ్నాగుడు చెప్పిన హద్దును గోడెల్ చెప్పిన హద్దును ఒక్కటి కావు. అయినను, కొలబద్ద యెంత సూక్ష్మమైనను అది కొలువలేనిది మిగులునను వివేకము ఉభయత్ర సమానము.

దిఙ్నాగుని గ్రంథముల గతి శోచనీయము. ప్రమాణసముచ్చయపు సంస్కృత మూలము ఈ దేశమున నశించినది. టిబెట్టు భాషలో రెండు అనువాదములు నిలిచినవి. న్యాయముఖమును హ్యూయన్‌త్సాంగ్ 649 ప్రాంతమునను, ఇత్సింగ్ 711లోను చైనాభాషలోనికి మార్చిరి. హేతుచక్రము టిబెట్టులోనే దక్కినది. టుచ్చీ యను ఇటలీ పండితుడు 1930లో న్యాయముఖమును చైనాభాషనుండి ఆంగ్లమునకు తెచ్చెను. అదే సంవత్సరమున మైసూరులో రంగస్వామి అయ్యంగారు ప్రమాణసముచ్చయపు మొదటి ప్రకరణమును టిబెట్టునుండి తిరిగి సంస్కృతమున కూర్చి ప్రకటించెను. జినేంద్రబుద్ధి వ్యాఖ్య యొక్క సంస్కృత ప్రతి టిబెట్టున లభింపగా, అందలి మొదటి ప్రకరణము 2005లో అచ్చయినది.

వేంగి కొండపై వ్రాయబడిన శాస్త్రమును ఆంధ్రులు పోగొట్టుకొనగా, హిమాలయముల కావలివారును, చీనావారును భద్రపరచిరి. ఒక మఠమున ఒక భిక్షువు ప్రతి వ్రాసి దాచుటచే పదునైదు శతాబ్దముల పిమ్మట ఆ విద్య మనకు మరల అందినది. గ్రామమున ఒక పుస్తకము నిలుపుట యనగా ఎంతటి కార్యమో దీనినిబట్టి ఊహింపవచ్చును. గట్ల తగవులనుండి మతభేదముల వరకు మన యూళ్లలో వాదములకు కొదువ లేదు. చెప్పిన కారణము ఏ గడిలో పడుచున్నదో ముందు చూచుకొని, తన వాదము చెల్లినను ఎదుటివాని మనస్సు మారకపోవచ్చునని యెరిగి, నిప్పులు గ్రక్కక మాటాడువాడే దిఙ్నాగాచార్యునకు నిజమైన శిష్యుడు.